తాతల కాలం నాటి డేరా

పూనం టీచర్‌కు కోపం వస్తే మరాఠీ వస్తుంది, లెక్కలు చెప్పేటప్పుడు హిందీ వస్తుంది, జాలి పుడితే మాత్రం తెలుగే. బొంబాయిలో మాది చాల్, అంటే వరసగా ఒంటిగదులున్న పాత మేడ. అందులో ఆమెది మూడో అంతస్తు, నాది సరిగ్గా దాని కింద రెండోది. ఆమె ఏ భాషలో ఉన్నదో నాకు పైకప్పులోంచి తెలిసిపోతుంది. ఆ ఏడాది ఫిబ్రవరి నెలంతా మరాఠీయే వినిపించింది.

కామాఠిపురలోనే పుట్టిన పిల్ల. వాళ్ళ ముత్తాత పాలమూరు నుంచి రాళ్ళు మోయడానికి వచ్చి, బొంబాయిలో సగం గోడలు తానే లేపానని చెప్పుకుంటూ పోయాడు. మిగతా సగం మా ముత్తాత లేపాడు కనుక మా రెండు ఇళ్ళకూ ఆ విషయంలో పేచీ లేదు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే పూనంను పెంచింది నాయనమ్మ లక్ష్మవ్వ, ఫోరస్ రోడ్డు మలుపులో మిర్చిబజ్జీలు వేసి. పక్క సందులోని మునిసిపాలిటీ బడిలో తెలుగు తరగతి చదివి, ఆ తరగతికే టీచరుగా తిరిగొచ్చింది. అన్ని సబ్జెక్టులూ ఆమే చెబుతుంది. ముందు బల్ల మీద ఆమె చిన్నప్పుడు మేకుతో చెక్కిన తన పేరు ఇంకా ఉంది కనుక, బల్లలు పాడుచేయొద్దని పిల్లలకు చెప్పే ధైర్యం మాత్రం ఆమెకు లేదు.

పైనుంచి ఏ ఆదేశం వస్తే దాన్ని అక్షరాలా పాటించడం ఆమెకున్న జబ్బు. చెట్టు పాఠం చెట్టు చూపించి చెప్పాలని ఓసారి ఆదేశం వచ్చింది. మా సందుల్లో చెట్టెక్కడిది? పిల్లల్ని వరసగా నడిపించుకుంటూ అలంకరణ సామాన్ల దుకాణానికి తీసుకెళ్ళి, ప్లాస్టిక్ చెట్టు ముందు నిలబెట్టి వేరు, కాండం, ఆకు అన్నీ చెప్పింది. కుండీ మీద ‘దుమ్ము పడితే తడిగుడ్డతో తుడవండి’ అని రాసి ఉందట. చెట్లను ఎలా కాపాడాలి అన్న ప్రశ్నకు పరీక్షలో పిల్లలందరూ అదే రాశారు. ఆమె మార్కులు వేసింది కూడా.

ఇంత చేసినా తరగతి నిలబడేలా లేదు. మా పాతకాపు తెలుగువాళ్ళం పిల్లల్ని ఎప్పుడో ఇంగ్లీషు బళ్ళలో వేశాం. ఇంట్లో మేం తెలుగులో అడిగితే వాళ్ళు మరాఠీలో ఎదురు చెబుతారు, అది ముసలివాళ్ళకు అర్థం కాదు కనుక ఇళ్ళన్నీ ప్రశాంతంగా ఉన్నాయి. తెలుగు తరగతిలో మిగిలింది రితేశ్, ప్రథమేశ్ లాంటి కొద్దిమంది చాల్ పిల్లలు, పాలమూరు నుంచి ఈమధ్య కూలికి వచ్చినవాళ్ళ పిల్లలు. వాళ్ళలో మౌనిక ఒకతె. తండ్రి సాయిలు వర్లిలో ఒక టవర్ కడుతున్నచోట సిమెంటు పని చేస్తాడు. ఆ టవర్ పక్కనే, రేకుల చాటున, టార్పాలిన్ డేరాలో కాపురం. రోజూ పొద్దున్నే కూతుర్ని బస్సులో తెచ్చి బడి గుమ్మంలో దింపి, పరుగున పనికి పోతాడు.

ఆ ఫిబ్రవరి మొదట్లో పూనం ఫోనుకు విద్యాశాఖ సాహెబు నుంచి సందేశం వచ్చింది. ప్రతి తరగతీ ఒక రాత్రి ఆరుబయట డేరా వేసుకొని క్యాంపు చేయాలి. క్యాంపు వల్ల ఒక్కో సబ్జెక్టులో పిల్లలు ఏం నేర్చుకున్నారో తెల్లారి సాహెబు స్వయంగా వచ్చి చూస్తారు. పిల్లలు తక్కువున్న తరగతుల వాళ్ళు ఇది సరిగా చేసి చూపకపోతే జూన్ నుంచి వాళ్ళను హిందీ తరగతిలో కలిపేస్తారు. ఉన్నవాళ్ళలో ఒక్కరు తగ్గినా అంతే సంగతి.

హిందీలో కలిపితే మౌనిక ఏమవుతుందో పూనంకు తెలుసు. మొదట ఆ పిల్లను వర్లిలోనే ఒక హిందీ బడిలో వేశారు. ఒక్క ముక్క అర్థం కాక రోజంతా గోడవైపు తిరిగి కూర్చునేదట. చివరికి మానేసి తల్లితోపాటు ఇసుక జల్లెడ పట్టింది. ఆ జల్లెడ దగ్గర నుంచి చెయ్యి పట్టుకొని తెచ్చింది పూనమే. తరగతి మూతపడితే పిల్ల మళ్ళీ జల్లెడ దగ్గరికే పోతుంది. అది తలచుకుంటే పూనంకు నిజంగా భయం వేసింది. ఆ భయాన్నంతా నెలాఖరుదాకా మరాఠీలో తిట్టింది.

తల్లిదండ్రుల్ని పిలిచి బోరివలి అడవిలో క్యాంపు అనగానే మీటింగు గోలగోలైంది. రితేశ్ తల్లి దర్శన ముందుగా లేచింది.

“బాయీ, అడివిల ఏం నేర్పుతవ్?”

“ఆరుబయట పడుకోవడం, నీళ్ళు మోసి తెచ్చుకోవడం, మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకోవడం, ఉన్నదాంట్లో సర్దుకోవడం…”

“నీళ్ళకు నళ్ కాడ లైను కడ్తున్న, సండాస్ కాడ లైను కడ్తున్న, ఎండకాలమొస్తే మా ఆయన సడక్ మీదనే పండుకుంటడు. గివిటికి మార్కులిస్తరా? గట్లయితే మా ఇంటిల్లిపాది ఫస్ట్ క్లాసుల పాసయితం తియ్యి!”

వెనకనుంచి సాయిలు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆయన పనిబట్టల్లోనే వచ్చాడు.

“టీచరమ్మా, డేరాలకెళ్ళి బయట పడాలెనే నా బిడ్డను బడికి పంపుతున్న. నువ్వు బడిలకెళ్ళి మళ్ల డేరాలకే తోలుతనంటున్నవ్. గిదేం సదువమ్మా?”

“అది నేర్చుకునే డేరా అన్నా.”

“మాది గూడ మూడేండ్ల సంది నేర్పుతనే ఉన్నది.”

 తరగతి మూతపడితే ఏమవుతుందో పూనం ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పేసింది. సాయిలు చొక్కాకు అంటిన సిమెంటు గీకుతూ, “ఒక్క దినమే గదా, పంపుత” అన్నాడు. అడవి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు లక్ష్మవ్వ తేల్చింది.

“అడివెందుకే? మన గచ్చి లేదా? ఆకాశం ఆడా గదే, ఈడా గదే. చిర్తపులి ఒక్కటే తక్కువ, దానికి మా కమిటీ సెక్రటరీ ఉన్నడు గదా.”

ఆ చాల్ కమిటీ సెక్రటరీని నేనే. గచ్చి అంటే మా చాల్ మూడంతస్తుల మీది డాబా. నీళ్ళ ట్యాంకులు, కేబుల్ తీగలు, ఎండబెట్టిన వడియాలు ఉండే చోటు. దాని మీద ఏం చేయాలన్నా నా అనుమతి కావాలి, అది ఎవరూ అడగరు.

నెలాఖరు శనివారం పొద్దున గణపతి మండలి గోదాములోంచి టార్పాలిను, ఒక పాత తెర తెచ్చారు. తెర మీద మంచుకొండలు గీసి ఉన్నాయి. మధ్యలో గణపతిని కూర్చోబెట్టిన చోట రంగు లేకుండా బొజ్జ ఆకారంలో తెల్లగా ఖాళీ ఉంది. పూనం సంబరపడిపోయి, “పిల్లలూ, ఇది భూగోళం. హిమాలయాలు!” అంది. ప్రథమేశ్ వెళ్ళి ఆ ఖాళీలో నిలబడి, “నేను నేపాల్” అన్నాడు.

ఇక డేరా వేయాలి. గచ్చికి మేకులు దిగవు. పిల్లలు సుత్తితో కొడుతుంటే రెండో అంతస్తులోని మా ఇంట్లో కూడా పప్పులో సున్నం పడింది. నేను పైకి వెళ్ళేలోపే లక్ష్మవ్వ కింది అంతస్తు బుచ్చన్నను పిలుచుకొచ్చింది. బుచ్చన్న మేస్త్రి. పని మానేసి ఏళ్ళయింది కానీ చేతులు మానలేదు, పండగ పూట పిండివంటల పిండి ఇచ్చినా తాపీతో చదును చేస్తాడు. మేకుల చుట్టూ ఇంత సిమెంటు వేస్తే నిలబడతాయన్నాడు. అక్కడిదాకా సబబే.

చిక్కెక్కడ వచ్చిందంటే, బుచ్చన్న ఇంటికో ఆచారం ఉంది. కలిపిన మాలు మిగలకూడదు. మాలంటే ఇసుకా సిమెంటూ కలిపిన ముద్ద. మిగిలిన మాలు పారేస్తే దరిద్రం, ఇంటికి తెస్తే పని తెగుతుంది, కనుక పొద్దుగూకేలోగా అక్కడే వాడెయ్యాలి. మేకులు పాతాక ఒక బొచ్చెడు మాలు మిగిలింది. దాంతో డేరా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు గట్టు కట్టాడు, వానొస్తే నీళ్ళు రాకుండా. ఫిబ్రవరిలో వానేమిటని అడిగాను. “మాలుకేం ఎరుక?” అన్నాడు. గట్టు సగంలో ఉండగా మాలు అయిపోయింది. మళ్ళీ కలిపాడు. గట్టు పూర్తయ్యాక మళ్ళీ మిగిలింది. దాంతో గడప. గడప చాలక మళ్ళీ కలిపాడు, అది మిగిలి అరుగు. అరుగు చివర చాలలేదు.

ప్రతి దానికీ పూనం చప్పట్లు కొట్టి ప్రకటిస్తూనే ఉంది. సిమెంటు ముద్ద చేతికి వెచ్చగా తగిలిందని రితేశ్ అరిస్తే, “అది సైన్సు.” బొచ్చెకు ఎన్ని పాళ్ళు ఇసుక అంటే, “ఏక్, దో, తీన్… ఇది గణితం.” కోపంతో అరవడానికి పైకి వెళ్ళిన నేను కాసేపటికి చూసుకుంటే గుండుదారం పట్టుకొని గట్టు వంకర పోయిందని బుచ్చన్నతో వాదిస్తున్నాను. పూనం పిల్లలకు నన్ను చూపించి, “అది పౌరశాస్త్రం” అంది.

గడప అమరగానే లక్ష్మవ్వకు చెయ్యి ఊరుకోలేదు. పసుపు రాసి కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. గడప ఉన్న ఇంట్లో దేవుడు లేకపోతే ఎట్లా అని ఒకరు పటం తెచ్చారు. పటానికి దీపం, పిల్లలకు ఉక్కపోస్తుందని ఫ్యాను, ఫ్యానుకు తీగ. దర్శన తన పాత టీవీ పంపించింది. మూడు రాళ్ళ పొయ్యి పెట్టారు కానీ, దాని మీద గ్యాసు పొయ్యి పెట్టారు. సాయంత్రానికి డేరాలో లేనిది మా ఇంట్లో ఉందేమోనని నేను వెతుక్కోవలసి వచ్చింది.

మౌనిక మాత్రం లోపలికి వెళ్ళలేదు. గడప దగ్గరే కూర్చుని దాన్ని వేళ్ళతో తడిమి చూసింది.

“గడపున్న డేరాను నేనెన్నడు సూడలే టీచర్.”

పూనం దానికి ఏ సబ్జెక్టు పేరూ చెప్పలేదు. పిల్ల తల నిమిరింది.

సరిగ్గా అప్పుడే మెట్లెక్కి నిలేష్ వచ్చాడు. నిలేష్ సర్వే మనిషి. పాత చాల్‌లు పడగొట్టి కొత్తవి కడతారని ఎన్నో ఏళ్ళుగా అంటున్నారు. అందుకోసం ఖోలీలు, అంటే గదులు, లెక్కపెట్టి తలుపు తలుపుకూ ఎర్ర రంగుతో నంబరు వేసి పోతారు. ఆ నంబరుంటే రేపు కొత్తింట్లో గది వస్తుందని మా అందరి ఆశ. మా ఆడవాళ్ళు శుక్రవారం శుక్రవారం ఆ నంబరుకు కుంకుమ పెడతారు. ఇక సర్వే వాళ్ళు వస్తే ఏం చెప్పాలో కమిటీ తరఫున నేనే అందరికీ నూరిపోశాను. ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారంటే, తాతల కాలం నుంచి. నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన కోడలు పిల్ల కూడా నిద్రలో లేపి అడిగితే ఇదే చెబుతుంది.

నిలేష్ ఎర్ర రంగు డబ్బాతో గచ్చి మీదికొచ్చి, గడప చూశాడు. అరుగు చూశాడు. తిరుగుతున్న ఫ్యానును, వెలుగుతున్న దీపాన్ని, ఉడుకుతున్న అన్నాన్ని చూశాడు. కిందటిసారి ఈ గది ఎలా తప్పిపోయిందని తనమీద తానే విసుక్కొని, ఇక్కడెవరు ఉంటారని మరాఠీలో అడిగాడు.

“మేమే!” అన్నారు పిల్లలు. నిజమే కదా, ఆ రాత్రికి వాళ్ళే.

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఆజోబాంచ్యా కాళాపాసూన్!”

తాతల కాలం నుంచట. చాల్ పిల్లలంతా ఒక్క గొంతుతో అన్నారు. పాఠం ఎప్పుడూ అంత బాగా అప్పజెప్పలేదు. వాళ్ళతోపాటు లక్ష్మవ్వ అంది, బుచ్చన్న అన్నాడు, చెప్పకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా నేనూ అన్నాను. అలవాటు ఎవరి అబ్బ సొమ్ము? దర్శన అప్పటికే చాయ్ తెచ్చి నిలేష్ చేతిలో పెట్టింది. ఆ చాయ్ తాగి ఆయన మంచుకొండల తెర మీద, సరిగ్గా గణపతి ఖాళీలో, ‘గ-1’ అని వేశాడు, గ అంటే గచ్చి.

“టీచర్, గిది పొద్దుగాలనే పుట్టింది గదా. తాతల కాలం ఎట్లయితది?” అని మౌనిక అడిగింది.

“ఊకో” అంది పూనం, భయంగా.

నంబరు తడి ఆరకముందే గొడవ మొదలైంది. నంబరు పడింది కనుక అది గది. గది కనుక ఎవరిదో కావాలి. మాలు తనది కనుక తనదేనన్నాడు బుచ్చన్న. గడపకు పసుపు రాసింది తానన్నది లక్ష్మవ్వ. టీవీ ఎవరిదని దర్శన అడిగింది. గచ్చి కమిటీది కనుక గదీ కమిటీదేనని నేనన్నాను, ఆ మాట అన్నందుకు నాకు సిగ్గేమీ వేయలేదు. అరుపులకు జడిసి నిలేష్ రంగు డబ్బా వదిలేసి దిగిపోయాడు. ఉన్నవాడిదే గది అని లోకజ్ఞానం కనుక, ఎవరికి వారు చాపా దిండూ తెచ్చి డేరాలోకి చొరబడ్డారు. పిల్లలకు లోపల చోటు లేకపోయింది. ఆ రాత్రి పెద్దవాళ్ళంతా డేరాలో ఒకరి మీద ఒకరు పడి గురకలు పెట్టారు, పిల్లలు బయట ఆకాశం కింద పడుకున్నారు. మొత్తానికి క్యాంపు చేసింది వాళ్ళే.

తెల్లారి సాహెబు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రుమాలు, మా మెట్లెక్కి వచ్చిన ఆయాసం. డేరాలో విద్యార్థులు ఏరీ అని తొంగి చూస్తే, బుచ్చన్న కాళ్ళు లక్ష్మవ్వ బజ్జీల మూకుడులో ఉన్నాయి. ఆయన మూడడుగులు వెనక్కి వేసి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

 అయినా ఆదేశం ఆదేశమే కదా, పూనం పిల్లల్ని వరసలో నిలబెట్టింది. రితేశ్ గణితం చెప్పాడు: డేరా పొడవు ఇంత, వెడల్పు ఇంత, నాదంటే నాదన్నవాళ్ళు ఇంతమంది, మనిషికి వచ్చేది ఒక అరకాలు చోటు, అది కూడా నిలబడితేనే. ప్రథమేశ్ భూగోళం చెప్పాడు: సూర్యుడు నాగ్‌పాడా వైపు లేచి గ్రాంట్ రోడ్ వైపు పడతాడు, ధ్రువనక్షత్రం మాత్రం క్రేను లైటు వెనక ఉంటుంది. ఇంకో పిల్ల సైన్సు చెప్పింది: దోమలు డేరాలోకే ఎందుకు పోయాయంటే తిండి అంతా లోపలే ఉంది కనుక. సాహెబు రుమాలు దించారు. నవ్వు వస్తున్నదో దగ్గు వస్తున్నదో తెలియలేదు.

చివర నిలబడ్డ మౌనికను చూసి, నువ్వేం నేర్చుకున్నావని మరాఠీలో అడిగారు. పూనం ఆ ప్రశ్నను తెలుగులో చెప్పింది.

“డేరాకు గడపుంటె, ఎర్ర నంబరుంటె, దాన్ని ఎవ్వరు పీకరు సార్” అంది మౌనిక. “మా డేరా మూడేండ్ల సంది ఉన్నది. దానికి లేదు. వచ్చే ఐతారం పీకుతరట. అందర్ని ఊరవతల పన్వేల్ తోలుతరట. మా నాయన మొన్ననే చెప్పిండు, టీచర్‌కు చెప్పకన్నడు.”

పూనం దాన్ని మరాఠీలోకి మార్చబోయింది. మొదటి మాట మరాఠీలోనే వచ్చింది, రెండోది తెలుగైపోయింది, మూడోది రాలేదు. మొహం పక్కకు తిప్పుకుంది.  రాత్రంతా అరకాలు చోటు కోసం మోచేతులతో పొడుచుకున్నవాళ్ళం, ఒక్కొక్కరం డేరాలోంచి చాపలు చుట్టుకొని బయటికొచ్చాం.

సాహెబుకు విషయం నేనే చెప్పాను. ఆయన ఫోను తీసి, క్యాంపు నిబంధన చదివి వినిపించారు. క్యాంపు ముగిశాక డేరా విప్పాలి, విప్పిన చోటు ఫోటో తీసి పంపాలి, అప్పుడే ఆయన నివేదిక రాయాలి.

“మరి విప్పండి” అన్నారు.

“నంబరు పడింది సాహెబ్. దాన్ని ముట్టుకుంటే కేసవుతుంది” అన్నాను.

ఆయన గ-1 వైపు చూశారు. విప్పకపోతే క్యాంపు ముగిసినట్టు కాదు. క్యాంపు ముగియకపోతే నివేదిక రాయకూడదు. నివేదిక రాయకుండా తరగతి మూయకూడదు. ఇదంతా ఆయన పైకే అనుకొని, చివరికి తేల్చారు. డేరా ఎంతకాలం ఉంటే క్యాంపు అంతకాలం నడుస్తున్నట్టే లెక్క. తరగతి ఇక్కడే నడపమన్నారు. కానీ పిల్లల్లో ఒక్కరు తగ్గినా తాను చేయగలిగింది లేదు. మెట్లు దిగుతూ మౌనిక వైపు ఇంకోసారి తిరిగి చూశారు.

అంటే వ్యవహారం మళ్ళీ మౌనిక దగ్గరికే వచ్చింది. ఆ వారమంతా పై అంతస్తులో ఏ భాషా వినిపించలేదు. నిశ్శబ్దం మరాఠీ కంటే కష్టంగా ఉందని నేను లక్ష్మవ్వతో అన్నాను. శనివారం సాయంత్రం బుచ్చన్న గచ్చి మీద నిలేష్ వదిలేసిన డబ్బా మూత తీసి చూశాడు.

“రంగు మిగిలింది” అన్నాడు.

“అయితే?”

“మిగలొద్దు.”

ఆదివారం పొద్దున్నే వర్లి బస్సెక్కాం. బుచ్చన్న చేతిలో తాపీ, నా చేతిలో రంగు డబ్బా, లక్ష్మవ్వ కొంగుకు పసుపు, కుంకుమ. పూనం వెనక పిల్లలంతా. క్యాంపు ముగియలేదు కనుక ఇది క్యాంపులో భాగమేనని ఆమె కండక్టరుకు కూడా చెప్పింది. మేం వెళ్ళేసరికి సాయిలు గిన్నెలు సంచిలో వేస్తున్నాడు. మమ్మల్ని చూసి, “గిదేంది మేస్త్రీ?” అన్నాడు. మాలు కలపమన్నాడు బుచ్చన్న. ఒకే జిల్లా నుంచి వచ్చినవాళ్ళు, ఒకడు ముందు, ఒకడు వెనక. ఇద్దరూ గొంతుక్కూచుని టార్పాలిన్ ముందు ఒక గడప వేశారు. మిగిలిన మాలుతో అరుగు కూడా. మౌనిక తల్లి పసుపు రాసింది. రితేశ్ రంగు ముంచి, టార్పాలిన్ మీద ‘గ-2’ అని వేశాడు. మా నిలేష్ వేసినదానికన్నా గుండ్రంగా వచ్చింది.

గుత్తేదారు మనిషి వచ్చేసరికి ఇంకా తడి ఆరలేదు. వెంట ఇద్దరు కూలీలు, గునపాలు. ఎర్ర నంబరు చూసి ఆగిపోయాడు. గడప చూశాడు. ఇస్త్రీ చీర కట్టుకున్న టీచర్నీ, వరసలో నిలబడ్డ పిల్లల్నీ చూశాడు. ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారని హిందీలో గద్దించాడు. సాయిలు నోరు తెరిచాడు కానీ మాట రాలేదు. ఆయన అబద్ధానికి కొత్త.

“దాదాకే జమానేసే” అంది మౌనిక.

తాతల కాలం నుంచి. హిందీ బడిలో గోడవైపు తిరిగి కూర్చున్న పిల్ల, నాకు తెలిసి అది ఆమె నోట వచ్చిన మొదటి హిందీ వాక్యం. తప్పు లేకుండా చెప్పింది. గుత్తేదారు మనిషి తలెత్తి టవర్ వైపు చూశాడు. ఆ టవర్‌కే మూడేళ్ళ కింద పునాది పడింది, దాని నీడలో డేరా తాతల కాలం నాటిదట. ఆయన ఫోను తీసి ఎవరికో చేశాడు, వాళ్ళు ఇంకెవరికో చేశారు. గ-2 ఏ సర్వేలోదో ఎవరికీ తెలియలేదు. తెలియదని ఒప్పుకోవడం కూడా ఎవరికీ ఇష్టం లేకపోయింది. “రహనే దో” అని ఫోనులోంచి వినిపించింది. ఉండనియ్యమని. ఆ మనిషి మిగతా డేరాల వైపు వెళ్ళాడు. డబ్బాలో చూశాను, రంగు అయిపోయింది. అక్కడ ఇంకా ఐదారు డేరాలున్నాయి.

సోమవారం తరగతి మా గచ్చి మీద, గ-1లో మొదలైంది. పూనం హాజరు పిలిచింది. అందరూ ఉన్నారు. లక్ష్మవ్వ బయట అరుగు మీద కూర్చుని బజ్జీలకు మిరపకాయలు చీలుస్తున్నది. నేను ట్యాంకులో నీళ్ళు చూసే నెపంతో అక్కడే నిలబడ్డాను. మౌనిక చెయ్యెత్తింది.

“టీచర్, నిన్న నేను చెప్పింది ఏ సబ్జెక్టు కిందికొస్తది?”

పడిన ప్రతి సిమెంటు చుక్కకూ ఒక సబ్జెక్టు పేరు చెప్పిన మనిషి, చాక్‌పీసు పట్టుకొని అలాగే నిలబడిపోయింది.

“అబద్ధం చెప్పిన గదా టీచర్. మా తాత ఆడ లేడు. మార్కులు కోస్తవా?”

మిరపకాయ చీలుస్తున్న చెయ్యి ఆగింది. లక్ష్మవ్వ తలెత్తకుండానే అంది.

“నేను గూడ మొదలు అబద్ధమే చెప్పిన బిడ్డా. ఈ చాల్‌లకు నేనొచ్చి ఆర్నెల్లు గూడ కాలే, ఖోలీలు లెక్కపెట్టేటోడొచ్చిండు. తాతల కాలం సంది ఉంటున్నమని చెప్పమని మా అత్త కాలు తొక్కింది. ఆమె వచ్చి గూడ ఎన్నేండ్లు కాలే. చెప్పంగ చెప్పంగనే మాకు తాతలైన్రు.”

నేను ట్యాంకు మూత దించాను. సగం బొంబాయి గోడలు లేపిన మా ముత్తాత గుర్తొచ్చాడు.

పూనం బోర్డు వైపు తిరిగింది. కళ్ళు తుడుచుకున్నదని వెనకనుంచి కూడా తెలిసింది.

“చరిత్ర” అంది తెలుగులో. “రాసుకోండి.”